మందు కొట్టే రోజుల్లో ఫోన్ శుభ్రం: స్క్రీన్ పూత పోకుండా, ఒంటికి మందు అంటకుండా

శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాలు ముగిసే నాటికి కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో చాలా పత్తి చేలకు ఒకటో రెండో విడత మందు పడి ఉంటుంది. ఆ వెంటనే మిరప నాట్లు, ఉల్లి కలుపు, మళ్లీ మందు. ఈ నాలుగైదు నెలలూ రైతు జేబులో ఫోన్ ఉంటూనే ఉంటుంది. చేతికి మట్టి ఉన్నా, మందు ఉన్నా ఫోన్ మోగితే తీయక తప్పదు. సాయంత్రం ఇంటికొచ్చాక భుజం మీది తువ్వాలుతోనో, కట్టుకున్న లుంగీ అంచుతోనో స్క్రీన్‌ను గట్టిగా రుద్ది పక్కన పెడతాం. అదే ఫోన్‌ను పిల్లలు తీసుకుని ఆడుకుంటారు.

ఇందులో రెండు నష్టాలున్నాయి. ఒకటి, స్క్రీన్ మీది పూత పోవడం, గీతలు పడటం. రెండోది అంతకన్నా పెద్దది. చేలో కొట్టిన మందు ఫోన్ మీద ఎక్కి ఇంట్లోకి రావడం. రెండింటికీ జాగ్రత్త ఒకే చోట మొదలవుతుంది కాబట్టి కలిపే చెబుతున్నాం.

ఫోన్ పాడైతే ఏముందిలే, ఇంకోటి కొనుక్కుంటాం అనే రోజులు కావివి. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి, ఈ-పంట నమోదులో మీ పేరు ఉందో లేదో చూసుకోవడానికి, బ్యాంకు ఓటీపీకి ఫోనే ఆధారం. 2025 పంట నుంచి సీసీఐకి పత్తి అమ్మాలన్నా కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాలి. స్లాటు తీసుకునే రోజున స్క్రీన్ వేలికి పలకకపోతే బండి కట్టుకుని ఆదోని వెళ్లినా పని కాదు. స్క్రీన్ మార్పించాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. అది ఒక ఎకరా పత్తికి రెండు మూడు విడతల మందు డబ్బుతో సమానం.

స్క్రీన్ మీద ఏం పూత ఉంటుంది?

టచ్ ఫోన్ల అద్దం మీద కంటికి కనిపించని పలుచని పూత ఒకటి వేస్తారు. వేలి జిడ్డు, నీరు అద్దానికి అంటుకోకుండా చూడటమే దాని పని. ఇది ఫ్లోరిన్ కలిసిన పదార్థం, నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూతకు దగ్గరి చుట్టం. మందం మాత్రం మన వెంట్రుకలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. ఫోన్లలో దీన్ని మొదట పేరుకు తెచ్చింది 2009లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్. ఇప్పుడు చాలా కంపెనీల ఫోన్లకు ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో పూత మరీ పలుచగా, నాసిగా ఉండొచ్చు.

ఉల్లి వేసే రైతులకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఉల్లి ఆకు మీద నీళ్లు చల్లితే గుండ్రని బొట్లుగా జారిపోతాయి, నిలవవు. ఆకు మీద సహజంగా ఉండే మైనపు పొర వల్ల అలా జరుగుతుంది. అందుకే ఉల్లికి మందు కొట్టేటప్పుడు నీళ్లలో జిగురు మందు కలుపుతాం. ఫోన్ అద్దం మీది పూత కూడా ఉల్లి ఆకు మైనం లాంటిదే. అది ఉన్నంత కాలం జిడ్డు పైపైనే ఉండి మెత్తని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. పూత అరిగిపోతే వేలిముద్రలు పట్టేస్తాయి, ఎంత తుడిచినా మసకగానే ఉంటుంది, వేలు జారకుండా పట్టుకుంటుంది.

మీ ఫోన్‌కు పూత ఉందో పోయిందో తెలుసుకోవాలంటే, ఫోన్ ఆపి అద్దం మీద ఒక్క చుక్క నీళ్లు వేలితో పెట్టండి. బొట్టు గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టు. పలుచగా పరుచుకుపోతే అరిగినట్టు. గార్డు అంటించి ఉంటే మీరు చూస్తున్నది గార్డు పూతను, లోపలి అద్దాన్ని కాదు.

పూత అరిగినంత మాత్రాన ఫోన్ పాడైనట్టు కాదు. టచ్ పనిచేస్తూనే ఉంటుంది. రోజూ వాడే ఫోన్‌కు ఏడాది రెండేళ్లలో ఎక్కువగా వేలు తగిలే చోట అరగడం మామూలే. మనం చేయగలిగింది దాన్ని తొందరగా పోగొట్టుకోకుండా ఉండటం.

గీత పడేది గుడ్డ వల్ల కాదు, దుమ్ము వల్ల

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. నూలు గుడ్డ అద్దాన్ని గీయలేదు. గుడ్డకూ అద్దానికీ మధ్య ఉన్న ఇసుక రేణువు గీస్తుంది. రాళ్లు, ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో ఫోన్ అద్దం సుమారు 6 దగ్గర ఉంటుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ 7. అంటే చిన్న ఇసుక రేణువైనా ఫోన్ అద్దం కన్నా గట్టిదే.

మన నల్లరేగడిలో బంక పాలు ఎక్కువ. ఆ బంక మెత్తనిదే, దానితో భయం లేదు. కానీ ఏ నేలలోనైనా సన్న ఇసుక కొంత ఉంటుంది. ఎర్ర నేలల్లో, రోడ్డు పక్క దుమ్ములో అది ఇంకా ఎక్కువ. ఎండాకాలం నేల బీటలు వారి, ట్రాక్టర్లు తిరిగి దుమ్ము లేచే రోజుల్లో జేబులో ఉన్న ఫోన్ మీద కూడా ఈ రేణువులు చేరతాయి. పొడి గుడ్డతో ఒత్తి రుద్దితే మరక కన్నా ముందు పూత పోతుంది, తర్వాత గీత పడుతుంది.

కాబట్టి ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: తుడిచే ముందు దులపాలి. వడ్లు దంచే ముందు రాళ్లు ఏరినట్టే.

ఎలా తుడవాలి?

ఛార్జర్ తీసేసి ఫోన్‌ను ఆపండి. ఎండలో ఉండి వేడెక్కిన ఫోన్ అయితే నీడలో కాసేపు చల్లారనివ్వండి. కవరు ఊడదీసి విడిగా పెట్టండి. మట్టి, మందు ఎక్కువగా చేరేది కవరు లోపలే, అంచుల్లోనే.

తర్వాత ఫోన్‌ను స్క్రీన్ కిందికి ఉండేలా పట్టుకుని వెనుక వైపు చేత్తో మెల్లగా తట్టండి. మెత్తని బ్రష్ ఉంటే దానితో ఒత్తకుండా దులపండి. పాత టూత్‌బ్రష్‌ను అద్దానికి వాడొద్దు, అంచులకు, స్పీకరు జాలికి మాత్రం వాడొచ్చు. నోటితో ఊదొద్దు. ఊపిరిలో తేమ ఉంటుంది, అది రంధ్రాల్లోకి పోతుంది. పంక్చరు షాపులో కంప్రెసర్ గాలి పట్టించడం అసలు వద్దు. ఆ ఒత్తిడికి మైకు, స్పీకరు పొరలు చిరిగిపోతాయి.

దుమ్ము రాలాక మెత్తని గుడ్డ ఒక మూలను మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండండి. చుక్క కారకూడదు. దానితో పై నుంచి కిందికి ఒక్కో వరుసగా, ఒత్తకుండా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే మిగిలిన రేణువు అక్కడక్కడే తిరుగుతుంది. ఒక వరుస తుడిచాక గుడ్డ మడత మార్చి శుభ్రమైన వైపుతో రెండో వరుస. చివర్లో పొడి గుడ్డతో తేమ తీసేయండి. అంతే. నూటికి తొంభై మరకలకు ఇంతకు మించి అవసరం లేదు.

గుడ్డ ఏది వాడాలంటే, కళ్లద్దాలు కొన్నప్పుడు డబ్బాలో ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బనియన్ ముక్కో, పాత ఎమ్మిగనూరు దుప్పటి ముక్కో చాలు. దాన్ని ఫోన్‌కే ఉంచండి. పొడిగా, దుమ్ము పడకుండా ఒక కవరులో పెట్టుకోండి, వారానికోసారి ఉతకండి. కాగితపు రుమాళ్లు, వార్తాపత్రిక, గోనె, పాలిస్టర్ చీర అంచు, చేలో చెమట తుడుచుకున్న తువ్వాలు ఇవేవీ పనికిరావు.

జిడ్డు పోకపోతే గ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవమో, షాంపూనో ఒకే ఒక్క చుక్క కలిపి, అందులో గుడ్డ ముంచి పిండి తుడవండి. ఆ తర్వాత ఉత్త నీళ్ల తడి గుడ్డతో మరోసారి తుడవడం మరిచిపోవద్దు. సబ్బు పొర మిగిలితే అది జిగురు మందు చేసే పనే చేస్తుంది. తర్వాత పడ్డ ప్రతిదాన్నీ అద్దానికి పరిచి అంటిస్తుంది.

జ్వరాలు తిరిగే రోజుల్లో క్రిములు పోవాలనుకుంటే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. కరోనా వచ్చిన 2020 మార్చిలో ఆపిల్ కంపెనీ అంతకు ముందున్న తన సూచన మార్చి, 70 శాతం ఆల్కహాల్ తడి ఉన్న వైప్స్‌తో మెల్లగా తుడవొచ్చని చెప్పింది. ద్రవాన్ని ఫోన్ మీద చల్లకూడదు, గుడ్డ మీద వేసుకుని తుడవాలి. రోజూ చేసే పనిగా కాకుండా అవసరమైనప్పుడే చేయండి.

మందు పడిన ఫోన్ సంగతి వేరు

ఆల్కహాల్‌తో తుడిచేస్తే పురుగు మందు విరిగిపోతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఆల్కహాల్ క్రిముల్ని చంపుతుంది గానీ పురుగు మందును విరిచేయదు. ఏ ద్రవంతో తుడిచినా మందు అద్దం మీది నుంచి గుడ్డ మీదికి మారుతుంది, అంతే. అందుకే ఇక్కడ గుడ్డను ఏం చేస్తామనేది తుడవడం అంత ముఖ్యం.

పురుగు మందు నోటి ద్వారానే కాదు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మంది వరకు రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ కారణం ఫోన్ కాదు, రక్షణ లేకుండా కొట్టిన మందు ఒంటికి అంటడం, పీల్చడం. కానీ చేతులు కడిగి, బట్టలు మార్చుకుని, స్నానం చేసిన తర్వాత కూడా అదే మందు ఉన్న ఫోన్‌ను చెవికి, చెంపకు ఆనించుకుంటే ఆ కడుగుడంతా వృథా. వేళ్లు నోట్లో పెట్టుకునే చిన్న పిల్లల చేతికిస్తే ఇంకా ప్రమాదం.

స్క్రీన్‌కూ నష్టమే. మందు పేరు పక్కన ఈసీ అని ఉన్నవి నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడతాయి, చూసే ఉంటారు. వాటిలో మందుతో పాటు పెట్రోలియం జాతి ద్రావకాలు ఉంటాయి. నీళ్లు కలపని చిక్కటి మందు చుక్క పడితే ఆ ద్రావకం ప్లాస్టిక్‌ను, గార్డు జిగురును, నీళ్లు లోపలికి పోకుండా పెట్టిన రబ్బరును మెత్తబరుస్తుంది. డబ్ల్యూపీ అని ఉన్న పొడి మందులతో ఇంకో బాధ. ఆ పొడిని పొడిగా రుద్దితే గీతలు పడతాయి, పైగా పొడి లేచి ముక్కులోకి పోతుంది.

అందుకని ముందు జాగ్రత్తే మేలు. మందు కలిపే ముందు, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే డబ్బా లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మందు పేరు, మోతాదు, రంగు త్రికోణం, విరుగుడు వివరాలు కనిపించాలి. ఎరుపు త్రికోణం అత్యంత విషపూరితమైన మందుకు గుర్తు. ఆ తర్వాత మోతాదు చూసుకోవడానికి మందు చేతులతో డబ్బా, ఫోన్ మార్చి మార్చి పట్టుకోవాల్సిన పని ఉండదు. ఎవరికైనా ఒంట్లో తేడా చేస్తే డాక్టరుకు చూపించడానికి ఆ ఫొటోనే పనికొస్తుంది.

పిచికారీ జరిగినంత సేపు ఫోన్‌ను గట్టు మీద, గాలికి ఎదురు వైపు ఉన్న మనిషి దగ్గర ఉంచండి. దగ్గర ఉండక తప్పదంటే జిప్ ఉన్న పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో వేసుకోండి. పలుచని కవరు పై నుంచి కూడా టచ్ పనిచేస్తుంది, మాట వినిపిస్తుంది. పని అయ్యాక కవరును బయటే తీసేసి పారేయవచ్చు. విత్తనాల, మందుల ఖాళీ కవర్లు ఇందుకు వాడొద్దు. తైవాన్ పంపుతో కొట్టే వాళ్లు పై జేబులో ఫోన్ అసలు పెట్టుకోవద్దు. సన్న తుంపర మనిషి ముందు భాగం మీదికే తిరిగొస్తుంది.

ఫోన్ మీద మందు పడిందే అనుకోండి. అప్పుడు ఈ వరుసలో చేయండి. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. చేతి తొడుగులు వేసుకోండి, అవి లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. ఫోన్ ఆపి, కవరు తీసి, సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. రెండోసారి కొత్త గుడ్డతో, ఉత్త నీళ్ల తడితో. అంచులు, వెనుక భాగం, బటన్ల చుట్టూ కూడా. వాడిన గుడ్డలను ఉతికి మళ్లీ ఫోన్‌కో, ముఖానికో వాడకండి. మూటగట్టి పారేయండి. ఇంట్లో బట్టలతో కలపొద్దు, పొయ్యిలో వేయొద్దు, కాలువ గట్టున పడేయొద్దు. ఫోన్ కవరును సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరాకే తొడగండి. తోలు కవరో, గుడ్డ పౌచో అయితే మందు లోపలికి ఇంకిపోతుంది, దాన్ని వదులుకోవడమే మంచిది. నూరు రూపాయల పౌచు కోసం చూసుకోవద్దు.

తలనొప్పి, వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం లాంటివి కనిపిస్తే ఫోన్ శుభ్రం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. లేబుల్ ఫొటో లేకపోతే డబ్బా వెంట తీసుకెళ్లండి.

మిరప, ఎరువు, దూది

కౌతాళం వైపు మిరప తెంపే రోజుల్లో ఫోన్ స్క్రీన్‌లు ఎర్రబడటం మామూలే. కారానికి మూలమైన పదార్థం నూనెలో కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. అందుకే ఉత్త తడి గుడ్డతో తుడిచినా ఆ ఫోన్ పట్టుకుని కన్ను నలుపుకుంటే మంట పుడుతుంది. ఇక్కడ చుక్క సబ్బు కలిపిన నీళ్లు తప్పనిసరి, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ. 70 శాతం ఆల్కహాల్ కూడా కారాన్ని బాగా తీస్తుంది.

యూరియా, డీఏపీ, పొటాష్ చల్లి వచ్చిన చేతులతో జాగ్రత్త ఇంకో విధంగా ఉండాలి. ఎరువులు గాలిలో తేమను పీల్చుకుంటాయి. ఛార్జింగ్ రంధ్రంలో ఒక గుళిక చేరి తేమ పడితే లోపలి లోహపు కాళ్లు తుప్పు పడతాయి. ఎరువు సంచి మీద ఫోన్ పెట్టొద్దు. ఆ పని చేసిన రోజు రంధ్రాన్ని కిందికి వంచి తట్టి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులపండి. ఈ రంధ్రానికి మాత్రం తడి గుడ్డ వద్దు.

పత్తి తీసేటప్పుడు, మార్కెట్ యార్డులో బోరాలు దించేటప్పుడు దూది నూగు ఛార్జింగ్ రంధ్రంలో పేరుకుంటుంది. ఛార్జర్ వదులుగా ఉంది, ఊడిపోతోంది అని రిపేరుకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి జబ్బు ఇదే. ఫోన్ ఆపి, సన్నగా చెక్కిన పుల్లతో పక్క గోడల వెంట మెల్లగా లాగితే నూగు ఉండలా బయటికి వస్తుంది. పిన్నీసు, సూది, తీగ పెట్టొద్దు. లోపలి కాళ్లు వంగిపోతే నూగు తీసిన ఆనందం అక్కడితో సరి.

వీటి జోలికి పోవద్దు

పెట్రోలు, కిరోసిన్, పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం. ఇవి పూతనే కాదు, అంచుల్లోని జిగురును కూడా కరిగిస్తాయి. బ్లీచింగ్ పౌడర్, బాత్‌రూమ్ శుభ్రం చేసే ఆసిడ్లు, అమోనియా ఉన్న కిటికీ అద్దాల స్ప్రేలు కూడా అంతే. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్‌లో చర్మం ఎండిపోకుండా గ్లిసరిన్ లాంటివి కలుపుతారు, అది అద్దం మీద జిడ్డుగా మిగులుతుంది.

ఇత్తడి బిందెకు చింతపండు, బూడిద వాడతాం కదా అని ఫోన్‌కు వాడే వాళ్లూ ఉన్నారు. బూడిద, ఉప్పు, ముగ్గు పిండి అన్నీ గీసేవే. టూత్‌పేస్టు పూస్తే గీతలు పోతాయన్న మాట వీడియోల్లో చాలా కాలంగా తిరుగుతోంది. పేస్టులో పళ్లను రుద్దడానికి గరుకు పొడి ఉంటుంది. అది గీతను తీయదు. గీత చుట్టూ ఉన్న పూతను కూడా లాగేసి అంతటినీ ఒకే తీరుగా మసక చేస్తుంది కాబట్టి గీత కనిపించనట్టు అనిపిస్తుంది.

గార్డు వేయించాలా, ద్రవం పూయించాలా?

చేలో వాడే ఫోన్‌కు టెంపర్డ్ గ్లాస్ గార్డు వేయించడమే మా సలహా. గీతైనా, దెబ్బైనా ముందు దానికే తగులుతుంది. పూత అరిగితే గార్డు మార్చుకోవచ్చు, ఫోన్ అద్దాన్ని మార్చలేం. అయితే గార్డు అంచు లేచిందా చూస్తుండండి. ఆ సందులో మందు నీళ్లు, ఇసుక చేరితే అది లోపలి అద్దాన్నే గీస్తుంది. పగిలిన గార్డుతో నెలలు నెట్టుకురావద్దు. వేలికి గాజు ముక్క గుచ్చుకుంటే ఆ గాయంలోంచే మందు ఒంట్లోకి పోతుంది.

షాపుల్లో నానో ద్రవం పూస్తాం, ఇక స్క్రీన్ పగలదు అని అమ్ముతుంటారు. అది పలుచని పూత మాత్రమే. కింద పడితే పగలకుండా అది ఆపలేదు. ఆ డబ్బుతో రెండు గార్డులు కొనుక్కోండి.

తడి వేలు, కెమెరా, కీప్యాడ్ ఫోన్

టచ్ స్క్రీన్ మన వేలిలోని విద్యుత్ గుణాన్ని పట్టుకుని పనిచేస్తుంది. చెమట, నీటి చుక్కలు కూడా అదే పని చేస్తాయి కాబట్టి తడి స్క్రీన్ మీద ఒక అంకె నొక్కితే ఇంకోటి పడుతుంది. యూపీఐ పిన్ వరుసగా మూడుసార్లు తప్పు పడితే సాధారణంగా 24 గంటల దాకా చెల్లింపులు ఆగిపోతాయి. డబ్బు పంపే ముందు వేలు, స్క్రీన్ రెండూ ఆరబెట్టుకోండి.

కెమెరా అద్దం విషయంలో నిర్లక్ష్యం ఎక్కువ. పీఎం కిసాన్ యాప్‌లో 2023 నుంచి ముఖం చూపించి ఈ-కేవైసీ చేసుకునే వీలుంది. ముందు కెమెరా మీద జిడ్డుంటే ముఖాన్ని గుర్తించదు, తప్పు మనది కాదు యాప్‌ది అనుకుంటాం. వెనుక కెమెరాతో పురుగు ఫొటో తీసి వ్యవసాయ సహాయకుడికో, 2024లో కేంద్రం తెచ్చిన ఎన్‌పీఎస్ఎస్ యాప్‌కో పంపాలంటే అద్దం శుభ్రంగా ఉండాలి. మిరప పూతలో దాగే నల్ల తామర పురుగు అసలే కంటికి ఆననంత చిన్నది, మసక ఫొటోలో అది పువ్వు మీది మరకలాగే కనిపిస్తుంది. తప్పు పురుగుకు తప్పు మందు కొట్టడం కన్నా ఫొటో తీసే ముందు అద్దం తుడవడం సులువు. ఇక్కడా అదే పద్ధతి: ముందు దులపడం, తర్వాత తడి, తర్వాత పొడి.

రైతు సేవా కేంద్రంలోనో, రేషన్ షాపు దగ్గరో వేలిముద్ర పడకపోతే యంత్రం అద్దాన్ని తువ్వాలుతో రుద్దకండి. మీ వేలిని సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టండి. పని చేసి చేసి వేలి గీతలు అరిగిన వాళ్లు ఓటీపీ లేదా వేరే వేలితో ప్రయత్నించమని అడగండి.

బటన్ల ఫోన్ వాడే వాళ్లకు ఒక్క మాట. వాటి స్క్రీన్ అద్దం కాదు, ఎక్కువగా ప్లాస్టిక్. దానిపై ఆల్కహాల్ పడితే తెల్లగా మసకబారొచ్చు, సన్నని పగుళ్లు రావొచ్చు. ఎలక్ట్రానిక్ కాటా, మోటారు స్టార్టర్ మీటరు, డ్రోన్ రిమోట్ మీది ప్లాస్టిక్ తెరలకూ ఇదే వర్తిస్తుంది. వీటికి బాగా పిండిన తడి గుడ్డ చాలు. స్టార్టర్‌ను తుడిచే ముందు కరెంటు మెయిన్ ఆపండి.

నీళ్లలో, మందు ట్యాంకులో పడితే

ఐపీ68 ఫోన్ కదా, కడిగేస్తే పోలా అనుకోవద్దు. ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్‌తో చేస్తారు. సబ్బు నీళ్లకూ, మందు నీళ్లకూ, రెండేళ్లు వాడి రబ్బరు గట్టిపడిన ఫోన్‌కూ అది వర్తించదు. కుళాయి కింద పట్టడం, బిందెలో ముంచడం చేయొద్దు.

ఎల్‌ఎల్‌సీ కాలువలో జారిందనుకోండి. వెంటనే ఆపి, సిమ్ తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా నిలబెట్టి గాలి తగిలే నీడలో ఒక రోజైనా ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి పట్టొద్దు. బియ్యంలో పెడితే ఆరుతుందన్నది పాత నమ్మకం. బియ్యపు పిండి రంధ్రాల్లో చేరుతుందని 2024లో ఆపిల్ కూడా వద్దని చెప్పింది. ఆరకముందే ఛార్జింగ్ పెట్టి చూడటమే ఎక్కువ ఫోన్ల ప్రాణం తీస్తుంది.

మందు ట్యాంకులో పడిన ఫోన్‌ను తొడుగులు వేసుకుని తీయండి. పైన చెప్పినట్టు సబ్బు తడి గుడ్డతో, తర్వాత ఉత్త తడి గుడ్డతో తుడిచి ప్లాస్టిక్ కవరులో వేసి రిపేరు షాపుకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అది పురుగు మందులో పడిందని, ఏ మందో కూడా చెప్పండి. దాన్ని విప్పేది వట్టి చేతులతో పనిచేసే కుర్రాడే.

మందుల మోతాదు, జాగ్రత్తల గురించి సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.